గాలి వాటా

ఇద్రిస్ తాడును చేత్తో కాదు, కాలితో చూస్తాడు. తేలే వంతెన అంచున నిలబడి, ఇనుప కొమ్ముకు చుట్టిన తాడు మీద బూటు మడమ ఆనించి, ఒక్కసారి ఒత్తి వదిలేస్తాడు. అది తిరిగి బిగుసుకునే తీరునుబట్టి ఆ పడవ రాత్రంతా నిద్రపోయిందో, పక్కమీద దొర్లిందో అతనికి తెలిసిపోతుంది. ముప్పై ఒక్క చలికాలాలుగా ఇదే పని. నవంబరు రాగానే యజమానులు తెరచాపలు విప్పి మడతపెట్టి, తాళంచెవి అతని చేతిలో పెట్టి, ఎవరి దేశానికి వాళ్ళు వెళ్ళిపోతారు. ఏప్రిల్లో వాళ్ళు తిరిగొచ్చేదాకా చామ్‌లిమన్ మెరీనాలో ఉన్న పడవలన్నీ ఇద్రిస్ బూటు మడమకు జవాబు చెప్పాల్సిందే.

ఆ జనవరి ఉదయం ఒక్క పడవా జవాబు చెప్పలేదు. తాళ్ళన్నీ నీళ్ళలోకి సడలి వేలాడుతున్నాయి. సముద్రం గట్టును వదిలి జానెడు కిందికి దిగిపోయింది. రాతిమీద ఏడాది పొడుగునా నీటి కింద దాక్కునే పచ్చటి నాచు చార బయటపడి, ఎండకు మెరుస్తోంది. మామూలు రోజుల్లో తెరచాపలు ఎత్తే తాళ్ళు స్తంభాలకు తగిలి టింగుటింగుమంటూనే ఉంటాయి. ఆ మోతను తిట్టుకుంటూ అతను గుడ్డపేలికలతో వాటిని ఒక్కొక్కటే కట్టేస్తూ పోతాడు. ఇవాళ కట్టాల్సినవి కూడా నోరు మెదపడం లేదు. ఎండ చూస్తే ఏప్రిల్ ఎండలా వెచ్చగా, హాయిగా ఉంది. మెడలోని ఉన్ని మఫ్లరు తీసి జేబులో కుక్కుకున్నాడు. వంతెన కింద జెల్లీచేపలు గుంపుగా చేరి, లేతగులాబీ గొడుగులు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. ఎక్కడికీ పోవడం లేదు.

పిల్లులు లేవు. అన్నిటికంటే అదే అతనికి నచ్చలేదు. సార్డీను చేప నూనెలో తడిపిన రొట్టెముక్కలు సంచిలో అలాగే ఉన్నాయి. రోజూ ఈపాటికి నాలుగైనా కాళ్ళకు అడ్డం పడి, అతని చేత తిట్లు తినేవి.

"లోదోస్," అన్నాడు పైకే.

నైరుతి నుంచి వచ్చే ఆ గాలి పేరు ఊళ్ళో అందరి నోటా నానుతూ ఉంటుంది. లోదోస్ వచ్చే ముందు తలలు పగులుతాయి, పాలు విరుగుతాయి, మొగుడూపెళ్ళాలు కారణం లేకుండా పోట్లాడుకుంటారు. లోదోస్ నాడు పెళ్ళిచూపులకు వెళ్ళరు, ఇల్లు బేరమాడరు. ఒళ్ళు నొప్పి అని డాక్టరు దగ్గరకు వెళ్తే, ఆయన ముందు నాడి చూడడు, కిటికీలోంచి కొండకేసి చూస్తాడు. కొండ దగ్గరగా కనిపిస్తే లోదోస్. ఇంక మందెందుకు, గాలి తిరిగితే అదే పోతుంది.

ఆ ఉదయం కొండ మరీ దగ్గరగా ఉంది. చెయ్యి చాస్తే దుమ్ము అంటుకుంటుందేమో అన్నంత దగ్గరగా.

ఇంట్లో భార్య గుల్సుమ్ తెల్లారకముందే తలకు గుడ్డ కట్టేసింది. నుదుటిమీద బంగాళాదుంప చక్రాలు పరిచి, పైన రుమాలు బిగించి, ఒక కన్ను మూసుకునే టీ పోసింది. ఇద్రిస్ ఎడమ భుజం పట్టుకుని తలుపు దగ్గర బూట్లు తొడుక్కోవడానికి వంగి, లేవడానికి కొంచెం ఆగాడు.

"చెయ్యి అక్కడ పెట్టుకున్నావేం?"

"లోదోస్."

"పోయిన మంగళవారం నుంచీ పట్టుకునే ఉన్నావు. నీ లోదోస్ నడిచి వస్తోందా?"

"నీ తలమీద దుంపలు వేయించి పెట్టు, మధ్యాహ్నం వచ్చి తింటాను," అన్నాడతను. ఆమె నవ్వు ఆపుకోబోయింది గానీ, తలనొప్పి నవ్వనివ్వలేదు. అబ్బా అని మాత్రం అనుకుంది.

అరవై రెండేళ్ళ మనిషి. పొట్టి. రోజంతా కదిలే వంతెనల మీద నడిచి నడిచి కాళ్ళు రెండూ విల్లులా వంగాయి. గట్టినేల మీద నడిచేటప్పుడే తూలుతున్నట్టు ఉంటాడు. ఎడమచేతి ఉంగరపు వేలికి చివరి కణుపు లేదు. ఏదో తుఫానులో తాడుకూ ఇనుప కొమ్ముకూ మధ్య ఇచ్చేశాడు. పెళ్ళి ఉంగరం దానికి జారిపోతుందని కుడిచేతికి మార్చుకున్నాడు. గుల్సుమ్ అల్లిన నీలం టోపీ చెవులదాకా లాక్కుంటే, అతని మొహంలో మీసం తప్ప ఇంకేమీ మిగలదు.

వరసగా ఒక్కొక్క పడవనూ ఒత్తుకుంటూ బయటి వంతెన చివరకు వచ్చి, ఆఖరి పడవ దగ్గర ఆగిపోయాడు. నిజానికి తెల్లవారుజామున మెలకువ వచ్చినప్పటి నుంచీ అతను ఇక్కడికే నడుస్తున్నాడు.

ఆ చోటు చలికాలంలో ఖాళీగా ఉండాలి.

సముద్రానికీ మెరీనాకూ అడ్డంగా ఉన్న రాళ్ళ కట్టకు ఒక్కటే సందు. పడవలు వచ్చే దారీ అదే, లోదోస్ వచ్చే దారీ అదే. ఆ సందుకు ఎదురుగా ఉన్న చోటును మొదటి వాన పడ్డప్పటి నుంచి కొంగలు తిరిగొచ్చేదాకా ఎవరికీ ఇవ్వరు. అతనికి పని నేర్పిన ఖలీల్ మేస్త్రి దాన్ని గాలి వాటా అనేవాడు. "అన్నం తినేవాడు పళ్ళెంలో ఒక ముద్ద వదిలినట్టురా ఇది. అది తిని పోతుంది. వదలకపోతే ఏది కావాలో అదే ఎంచుకుంటుంది." ఏ కాగితంలోనూ లేని నియమం. మేనేజరుకు తెలీదు. తెలిసిన వాళ్ళలో ఖలీల్ మేస్త్రి చనిపోయాడు. మిగిలింది ఇద్రిసూ, రేవు ఒడ్డున పడవలు ఎత్తే యంత్రం నడిపే జెవ్‌దెతూ.

మరి పోయిన అక్టోబరులో ఆ చోటును ఇద్రిసే చేతులారా ఇచ్చాడు.

పడవ పేరు సెర్చె, అంటే పిచ్చుక. చిన్నది, పాతది, ముక్కు దగ్గర రంగు రెండు రకాలుగా ఉంటుంది. దాని మీద తోల్గా, నేహిర్ అని కొత్తగా పెళ్ళయిన జంట. అంకారా నుంచి వచ్చారు. పెళ్ళిలో చుట్టాలు నేహిర్ చేతులకు తొడిగిన బంగారు గాజులన్నీ అమ్మి దీన్ని కొన్నారు. నేహిర్ వాళ్ళమ్మ ఇప్పటికీ ఫోనులో మాట్లాడదట. ఇల్లూ అదే, సామానూ అదే, కాపురమూ అదే. దిగిన రోజున నేహిర్ వంతెన చివర నిలబడి, ఎదుటి కొండలో చెక్కిన పాతకాలపు సమాధుల మీద సాయంత్రపు ఎండ పడటం చూసి, "బాబాయ్, మాకు ఇక్కడ చోటిస్తావా? లేవగానే అవి కనపడాలి" అంది. అడిగిన తీరు అలాంటిది, కాదనడానికి నోరు రాలేదు. వాళ్ళ పెళ్ళికి తనివ్వగలిగింది ఇంకేముంది? ఎనిమిదేళ్ళుగా గట్టి లోదోస్ రాలేదు కదా అని తనకు తనే చెప్పుకున్నాడు. జెవ్‌దెత్ మాత్రం చూసి, "అన్నా, ముద్ద కూడా వడ్డించేశావా?" అన్నాడు. ఇద్రిస్ వినపడనట్టు తాడు కొస చుట్టడంలో పడ్డాడు.

ఆ పిల్ల వచ్చాక చలికాలానికే ఒక రుచి వచ్చింది. పడవ వెనక కడ్డీకి జెరేనియం కుండీ వేలాడదీసింది. ఉతికిన సాక్సులు జతలు జతలుగా ఆరేసి, గాలికి అవి తన్నుకుంటుంటే చూసి నవ్వేది. ప్రతి గురువారం ఇద్దరూ మినీబస్సెక్కి చుట్టుపక్కల ఏదో ఒకటి చూసి వస్తారు. మెట్లమీద మేకలు పడుకునే పాత నాటకశాల, చేపలు చేతికి తగిలే చన్నీటి బుగ్గ, నారింజ తోటల వెనక కూలిపోయిన వంతెన. వచ్చి ఇద్రిస్‌కు పూసగుచ్చినట్టు చెబుతుంది. పుట్టి పెరిగిన ఊరి చుట్టూ ఏమున్నాయో అతనికి పొరుగూరి పిల్ల చెప్పాల్సి వచ్చింది. వేసవిలో పడవలు వస్తూ పోతూ ఉంటాయి, చలికాలంలో పడవలు ఒంటరిగా ఉంటాయి. వాటిని వదిలి అతను ఎప్పుడు వెళ్తాడు?

అతను చూస్తుండగానే పడవ లోపలి నుంచి నేహిర్ తల బయటపెట్టింది. జుట్టంతా చెదిరి ఉంది, నోట్లో బ్రెడ్డు ముక్క.

"బాబాయ్, నువ్వూ వస్తున్నావు. ఇవాళ సమాధుల దాకా ఎక్కి, అటునుంచి మంచు పడ్డ ఊరికి. బస్సులో ముందు సీటు పట్టి ఉంచమని చెప్పాను."

"ఎవరికి?"

"డ్రైవరుకి. ఇద్రిస్ అన్న మెరీనా గేటు దాటితే ఆ రోజు బస్సంతా ఉచితం అన్నాడు."

"వాడి ఉచితం వాడి దగ్గరే ఉంచుకోమను. వచ్చే గురువారం."

"వచ్చే గురువారం అని నవంబరు నుంచీ అంటున్నావు."

"వచ్చే గురువారాలు చాలా ఉన్నాయమ్మాయ్."

వెనకే తోల్గా వచ్చాడు. పొడుగ్గా, సన్నగా, ముక్కుమీద నల్లటి గ్రీజు మరకతో ఉన్నాడు. ఇంజను పొట్ట విప్పి వారమైంది. నీళ్ళు తోడే భాగం ఇంకా భోజనాల బల్లమీదే ఉంది. అతను సందు వైపు చూశాడు. బయట సముద్రం నూనె పోసినట్టు నున్నగా, బరువుగా, ఏ కెరటమూ విరగకుండా లేచి పడుతోంది.

"రేడియోలో దక్షిణపు గాలి అన్నారు బాబాయ్. మమ్మల్ని ఉండిపొమ్మంటావా?"

చెప్పి ఉంటే సరిపోయేది. నాయనా, నేను పొరపాటు చేశాను, ఇది కట్టకూడని చోటు, ముగ్గురం కలిసి ఇప్పుడే లోపలికి లాగేద్దాం. అరగంట పని. ఇద్రిస్ నోరు తెరిచాడు. నేహిర్ అప్పటికే ఎర్ర టోపీ పెట్టుకుని, జారే బూట్లు వద్దని గట్టివి తొడుక్కుంటోంది. వేణ్ణీళ్ళ ఫ్లాస్కు సంచిలో పెట్టింది. సంతోషంతో ఆమె చెవులు కూడా ఎర్రగా ఉన్నాయి. ఆమెకు ఈ చోటు ఇచ్చిన మనిషి అతను. ఆ మాట చెప్పి ఆ మొహం చూడాలి.

"మీరెళ్ళండి," అన్నాడు. "నేను లేనా?"

తోల్గా తాళంచెవి ఇచ్చాడు. దానికి ఇద్రిస్ తన చేత్తో చెక్కిన బెండు ముక్క వేలాడుతోంది. మెరీనాలో ప్రతి తాళంచెవికీ ఒకటి ఉంటుంది. తండ్రి చేపల వలకు కట్టిన పాత బెండ్లను కోసి, నున్నగా అరగదీసి, ఒక్కొక్కదాన్ని బకెట్టు నీళ్ళలో వేసి చూస్తాడు. తాళంచెవి బరువుకు మునిగితే ఆ ముక్క పారేసి ఇంకొంచెం పెద్దది చెక్కుతాడు. సెర్చె బెండు మీద మేకుతో చిన్న పిచ్చుకను గీశాడు. కోడిలా వచ్చింది. నేహిర్‌కు అదే నచ్చింది.

"నీకేం తేవాలి?"

"మంచు తీసుకురా," అన్నాడు నవ్వుతూ. "చిన్నప్పుడు గాడిదల మీద దింపి అమ్మేవాళ్ళు. ద్రాక్షపాకం పోసుకుని తినేవాళ్ళం. రోజూ కంటికి కనపడుతూనే ఉంటుంది గానీ, నోటికందక యాభై ఏళ్ళయింది."

"ఫ్లాస్కు నిండా తెస్తాను. కరిగితే నాదే పూచీ."

వాళ్ళు చెయ్యీ చెయ్యీ పట్టుకుని వంతెన మీద గంతులేస్తూ వెళ్ళారు. వాళ్ళ అడుగులకు వంతెన ఊగి, ఆ ఊపు అతని పాదాల దాకా వచ్చి ఆగింది.

ఆఫీసు గోడకు రోజుకో కాగితం చింపే కేలండరు ఉంది. అందులో నమాజు వేళలు, పుట్టిన బిడ్డకు పెట్టదగ్గ పేరు, ఆనాటి వంట, ఏడాదిలో ఏ రోజున ఏ తుఫానో కూడా ఉంటాయి. నిన్నటి కాగితం చింపాడు. ఎర్రపప్పు సూపు, ఉల్లికాడల కూర. ఆడపిల్లయితే సెవ్‌దా. అడుగున చిన్న అక్షరాల్లో: నైరుతి తుఫాను, మూడు రోజులు. ఇద్రిస్ జెవ్‌దెత్‌కు ఫోను చేశాడు.

"ఎక్కడున్నావురా?"

"పళ్ళ డాక్టరు కుర్చీలో అన్నా," అన్నాడు జెవ్‌దెత్, నోరు సగమే కదులుతున్నట్టు. "రాత్రంతా దవడ పీకేసింది. లోదోస్ కదా. వీడేమో లోదోస్ కాదు, పుచ్చు అంటాడు."

"ఎప్పటికి వస్తావు?"

"పన్నెండున్నరకి. ఎందుకు? ఓ, ముద్ద వెనక్కి తీసుకుంటున్నావా?"

"త్వరగా రా."

పన్నెండున్నర దాకా ఆగుదామనే అనుకున్నాడు. ఆఫీసు మెట్లమీద కూర్చుని రొట్టే ఆలివ్‌లూ విప్పాడు గానీ, నమలబోతే కింది పళ్ళు జివ్వుమన్నాయి. జెవ్‌దెత్ దవడ గుర్తొచ్చి నవ్వుకున్నాడు. ఈ గాలికి అందరికీ ఏదో ఒకటి. పెళ్ళానికి తల, వాడికి పన్ను, తనకు భుజం. దేవుడు నొప్పులు కూడా పంచిపెడతాడు, ఒక్కడి నెత్తిన వెయ్యడు. భుజం నుంచి మోచేతి దాకా ఎవరో తడిగుడ్డ పిండుతున్నట్టుంది. చొక్కా కింద చెమట చల్లగా ఉంది.

పదకొండు దాటుతుండగా నీళ్ళు తిరిగొచ్చాయి. అల లేకుండా, చప్పుడు లేకుండా, జెల్లీచేపల్ని మోసుకుంటూ నాచు చారను మింగి, గట్టుమీద ఇంకో జానెడు ఎక్కాయి. వంతెనలన్నీ ఒక్కసారి నిట్టూర్చాయి. ఎక్కడో ఒక తాడు స్తంభానికి తగిలింది. టింగ్. ఒక్కసారే.

ఇద్రిస్ రొట్టె మడిచి లేచాడు.

ఒక్క మనిషి ఆ పడవను కదిలించకూడదు. ముక్కు వైపు నీటి అడుగు నుంచి వచ్చే బరువు తాడొకటి దాన్ని బయటికి పట్టి ఉంచుతుంది. వెనక రెండు తాళ్ళు వంతెనకు పట్టి ఉంచుతాయి. ముందు తాడు వదిలినవాడు పడవ మీద ఉంటాడు, వెనక తాడు అందుకునేవాడు వంతెన మీద ఉండాలి. అతను ఇద్దరి పనీ చెయ్యాలి. ముందు పొడవాటి తాడొకటి సెర్చె ముక్కుకు కట్టి, దాని రెండో కొస వంతెన పొడుగునా తీసుకెళ్ళి ఆరు పడవల అవతల చుట్టి వచ్చాడు. జెరేనియం కుండీ తీసి లోపల సింకులో పెట్టాడు. సాక్సులు మడిచి మంచం మీద పెట్టాడు. మంచం మీద రెండు దిండ్లు ఒకదానిమీద ఒకటి వాలి ఉన్నాయి. ఇంజను భాగం చుట్టూ తువ్వాలు చుట్టి దొర్లకుండా చేశాడు. అక్కడే ఒక నోటుపుస్తకం తెరిచి ఉంది. నేహిర్ చేతిరాతతో చుట్టుపక్కల ఊళ్ళ పటం, కొండలు, వాగులు, మేకలు. మెరీనా దగ్గర మీసాలున్న చిన్న బొమ్మ వేసి, పైన నీలం టోపీ పెట్టింది. దాన్ని మూసి అరలో పెట్టాడు. తర్వాత ముక్కు దగ్గరకు వెళ్ళి బరువు తాడు విప్పేశాడు. అది నీళ్ళలోకి నల్లగా జారిపోయింది.

పడవకు ఇప్పుడు ఎవరూ లేరు, అతను తప్ప.

వంతెన మీదకు దూకాడు. అరవై రెండేళ్ళవాడు దూకినట్టే దూకాడు. వెనక తాళ్ళు విప్పి, ఒకదాని కొస చేతిలో ఉంచుకుని, ముక్కుకు కట్టిన తాడు భుజాన వేసుకుని నడవడం మొదలుపెట్టాడు. రెండు అడుగులు వేసి ఆగడం. తాడు కొమ్ముకు ఒక చుట్టు వేసి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ రెండు అడుగులు. సెర్చె పాత గేదెలా మెల్లగా ముక్కు తిప్పింది. నాలుగో పడవ దగ్గరకు వచ్చేసరికి కొండమీది చెట్లు తెల్లబడ్డాయి. గాలి ఆకుల్ని తిరగేస్తూ దిగుతోంది. మొదటి విసురు వెచ్చగా, బేకరీ తలుపు తీసినట్టు మొహానికి తగిలింది. ఆ వెంటనే మెరీనాలోని తాళ్ళన్నీ ఒక్కసారిగా స్తంభాల్ని వాయించడం మొదలెట్టాయి.

పడవ వెనకభాగం వంతెనకు అడ్డంగా తిరిగింది. తాడు అతని అరచేతుల్లోంచి బుస్సుమంటూ జారింది. వదల్లేదు. కొమ్ము అందలేదు. బూట్లు చెక్కలమీద జారుతున్నాయి. సందులోంచి మొదటి కెరటం లోపలికి వచ్చి, ఖాళీ అయిన ఆ చివరి చోటులో పడి విరిగింది. నురగ వంతెన పైకెక్కి అతని మోకాళ్ళు తడిపింది. అరగంట కిందట సెర్చె అక్కడ ఉంది.

"ఇటు విసురన్నా, ఇటు!"

జెవ్‌దెత్ పరుగెత్తుకొస్తున్నాడు. లావుపాటి మనిషి, దవడ ఒకవైపు వాచి, మూతి వంకరగా ఉంది. వెనక తాడు అందుకుని, కూర్చున్నట్టే వెనక్కి వాలి, కొమ్ముకు బిగించేశాడు. ఆ తర్వాత పని సులువైంది. ఇద్దరూ పాతికేళ్ళుగా కలిసి లాగినవాళ్ళు, మాట అక్కర్లేదు. లోపలి వంతెన దగ్గర, ఒక పెద్ద పడవ చాటున, సెర్చెను ఆరు తాళ్ళతో కట్టేశారు. రాపిడి తగిలే ప్రతి చోటా పాత రబ్బరు గొట్టం ముక్కలు తొడిగారు. పక్కలకు గాలి నింపిన రబ్బరు బుడ్డీలు వేలాడదీశారు. పని అయ్యేసరికి బయటి వంతెన చివరి చెక్కలు పియానో మీటల్లా లేచి పడుతున్నాయి.

"తినేస్తోంది చూడు," అన్నాడు జెవ్‌దెత్. "ఖలీల్ మేస్త్రి ఉంటే నీ చెవి మెలిపెట్టేవాడు."

"పిల్లలకు చెప్పకు."

"ఏం చెప్పను?"

"చోటు సంగతి. లోపలైతే వెచ్చగా ఉంటుందని మార్చామందాం."

జెవ్‌దెత్ అతని మొహంలోకి చూశాడు. "అన్నా, సున్నం కొట్టిన గోడలా ఉన్నావు. మా పళ్ళవాడి దగ్గరకైనా వెళ్ళు, ఏదో ఒకటి పీకుతాడు."

"లోదోస్‌రా. గాలి తిరిగితే పోతుంది."

"అదీ నిజమేలే," అన్నాడు జెవ్‌దెత్, తన దవడ నొక్కుకుంటూ. ఒడ్డున చెక్క ఊతకర్రల మీద నిలబెట్టిన పడవల్ని చూడాలి. గాలికి ఒకటి ఒరిగితే వరసంతా పేకముక్కల్లా పోతుంది. "కూర్చో కాసేపు. నేను చూసుకుంటా."

ఇద్రిస్ సెర్చె వెనక, వంతెన మీదున్న తాళ్ళపెట్టె మీద కూర్చున్నాడు. పెద్ద పడవ చాటున గాలి అంతగా లేదు. పిల్లులు ఇక్కడే ఉన్నాయి, పెట్టె వెనక నాలుగూ ఒకే ముద్దగా. సంచిలోంచి రొట్టెముక్కలు తీసి వేశాడు. తిన్నాయి. తాళం వేసి తీసిన తాళంచెవి అరచేతిలోనే ఉంది. బెండు మీది పిచ్చుకను బొటనవేలితో తడిమాడు. చేతులు తాడు కోసి ఎర్రగా ఉన్నాయి గానీ నొప్పి లేదు. వింతగా ఉంది. ఎక్కడా నొప్పి లేదు, ఒక బరువు తప్ప.

ఎదురుగా కొండ. ఆ గాలిలో అది గట్టుదాకా వచ్చేసింది. ముప్పై ఒక్కేళ్ళుగా నల్లటి చుక్కల్లా చూసిన సమాధులకు తలుపులున్నాయి. తలుపులకు రాతిలోనే చెక్కిన మేకులున్నాయి. లోపల చీకటి. అక్కడికి మెట్లదారి తెల్లగా మెలికలు తిరుగుతూ పైకి పోతోంది. ఆ దారి మీద ఎర్రటిదేదో కదిలింది. టోపీయేనేమో. లేకపోతే ఎవరి గొడ్డో. టోపీ అనే అనుకున్నాడు. చెయ్యి ఎత్తబోయాడు.

ఎవరో వచ్చి గుండె మీద బూటు మడమ ఆనించి ఒత్తారు. వదలడం మర్చిపోయారు.

ఒడ్డు మీది నుంచి జెవ్‌దెత్ రెండుసార్లు అటు చూశాడు. నీలం టోపీ పెట్టె మీద కనిపించింది. ఒకసారి చెయ్యి ఊపాడు. అటునుంచి ఊపు లేదు. అలిసిపోయాడు, కూర్చోనీ అనుకున్నాడు. ఇద్రిస్ అన్న పగటిపూట అంతసేపు కూర్చోవడం ఎప్పుడూ చూడలేదన్న సంగతి నాలుగు గంటలకు తట్టింది. సుత్తి అక్కడే పడేసి పరుగెత్తాడు. పిల్లుల్లో ఒకటి ఇద్రిస్ ఒళ్ళో పడుకుని ఉంది.

మినీబస్సు గేటు దగ్గర ఆగేసరికి ఎండ సముద్రంలోకి జారుతోంది. గాలి ఇంకా తగ్గలేదు. నేహిర్ ఫ్లాస్కును రెండు చేతులతో గుండెకు హత్తుకుని దిగింది. దారి పొడుగునా ఎక్కడ కరిగిపోతుందో అని నిమిషానికోసారి మూత తీసి చూసుకుంది. ముందు బయటి వంతెన వైపే పరుగెత్తారు. చివర తమ చోటు లేదు. చెక్కలు లేవు. విరిగిన ఇనుము మీద తెల్లటి నీళ్ళు లేచి పడుతున్నాయి. తోల్గా ఆమె భుజం పట్టుకున్నాడు.

"మీ పడవ లోపల ఉంది," అన్నాడు వెనకనుంచి జెవ్‌దెత్. "గీత కూడా పడలేదు."

నేహిర్ ఏడుస్తూ నవ్వింది. "బాబాయ్ ఏడీ? ఇది ఆయనకే. కరగలేదు, చూడండి."

జెవ్‌దెత్ తల వంచుకుని, వాచిన దవడను అటు తిప్పుకున్నాడు. లోపలి వంతెన మీద తాళ్ళపెట్టె పక్కన ఒక ముసలామె నిలబడి ఉంది. వచ్చిన తొందరలో తలకు కట్టిన రుమాలు తియ్యలేదు. అంచున వాడిపోయిన దుంపచక్రం ఒకటి జారి, చెంపకు అంటుకుని ఉంది. దాన్ని తుడుచుకోవాలన్న ధ్యాస ఆమెకు లేదు. "లోదోస్ అన్నాడమ్మా," అంది, నేహిర్ ఎవరో తెలియకపోయినా, ఆమెతోనే. "నేనూ అదే అనుకున్నాను."

నేహిర్ ఫ్లాస్కు ఆమె చేతిలో పెట్టింది, ఇంకేం చెయ్యాలో తెలియక. ఆమె పట్టుకుంది.

చాలాసేపటికి తోల్గా సెర్చె చుట్టూ తిరిగాడు. ఆరు తాళ్ళు. ఒక్కొక్కదాని కొసా వంతెన మీద గుండ్రంగా, గడియారపు స్ప్రింగులా చుట్టి ఉంది. ఒక తాడు మీద ఎందుకో బూటు మడమ ఆనించి, ఒత్తి, వదిలాడు. తలుపు లాగితే రాలేదు. తాళం వేసి ఉంది.

"తాళంచెవి బోర్డు మీద లేదు," అన్నాడు జెవ్‌దెత్. "జేబుల్లోనూ వెతికాం."

పెట్టె కింద, వంతెనకూ పడవకూ మధ్య ఉన్న మూరెడు సందులో, నురగా నారింజ తొక్కలూ ఆకులూ తిరుగుతున్న నీళ్ళ మీద బెండు ముక్క ఒకటి, మేకుతో గీసిన వంకర పిచ్చుకను ఆకాశంకేసి తిప్పి, తన కింద వేలాడే ఇత్తడి తాళంచెవిని మునగనివ్వకుండా ఊగుతూ ఉంది.